తాళపుచెవి ఎవరి చేతికి?

మన భాషలో తాళానికి కప్ప ఉంది, చెవి కూడా ఉంది. గొళ్ళేనికి వేలాడుతూ నోరు బిగించుకుని ఉండే ఆ ఇనుప ముద్దకు కప్ప అని పేరు పెట్టినవారెవరో గాని, రసజ్ఞులే అయివుండాలి. కీలుకు చెవి అన్నవారు వారికంటె ఘనులు. సంస్కృతంలో కుంచిక అన్నప్పుడు వంపు తిరిగిన వస్తువు మాత్రమే కళ్ళముందు నిలుస్తుంది. తెలుగులో చెవి అన్నామంటే, తాళానికి వినికిడి ఉన్నదనీ, అది తన యజమాని మాట మాత్రమే వింటుందనీ ఒక భావన కలుగుతుంది. ఈ లెక్కన చెవి పోయిన తాళం చెవిటిది. ఇంటి యజమాని గుమ్మంలో నిలబడి ఎంత మొత్తుకున్నా దానికి వినపడదు. అప్పుడు మనం ఆ చెవిటిదానికి వినిపించగల మూడో మనిషిని పిలవాలి. ఆ మూడో మనిషిని గురించే ఈ టపా.

ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఈ తెలుగు పండితుడికి తాళాలతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. మా ఇంట్లోనూ ఇరుగుపొరుగునా జరిగిన రెండు మూడు సంగతులు నన్ను ఆలోచింపజేశాయి. ఆలోచించిన కొద్దీ ఇది డబ్బు వ్యవహారం కంటె మానం మర్యాదల వ్యవహారమని తోచింది.

వంకాయలు కొనేటప్పుడు తొడిమ పట్టి చూస్తాం. సంబంధం చూసేటప్పుడు మూడు తరాలు విచారిస్తాం. ఇంటి తలుపు తెరవగలిగిన మనిషిని మాత్రం మెట్లమీద చెమటలు కక్కుతూ నిలబడి, అయిదు నిమిషాల్లో ఎంచుకుంటాం. ఎవడు ముందు దొరికితే వాడే! ఆ తొందర మీదనే సకల మోసాలూ బతుకుతున్నాయి.

2022 మే నెలలో గోదావరి ప్రాంతంలోని ఒక పట్టణంలో మా పెద్దక్కయ్య ఇంట్లో ఈ సంగతి జరిగింది. ఆవిడకు అప్పటికి డెబ్భై నాలుగేళ్ళు. బావగారు పోయిన తరువాత ఒంటరిగానే ఉంటున్నది. కొడుకు పూనాలో ఉద్యోగం. ఆవిడ ఇనుప బీరువాలోని లోపలి అర తాళం కొంతకాలంగా పట్టేసి సరిగా తిరగడం లేదు. ఒకనాటి ఉదయం పదకొండు గంటలవేళ ఇద్దరు మనుషులు వీధిలో వచ్చారు. పెద్ద ఇనుప వలయానికి గుచ్చిన చెవుల గుత్తిని గలగలలాడిస్తూ, "తాళాలు బాగుచేస్తాం, మారుతాళాలు చేస్తాం" అని కేక వేస్తూ వెళుతుంటే అక్కయ్య పిలిచింది. నూటయాభై రూపాయలకు బేరం కుదిరింది.

ఒకడు బీరువా ముందు కూర్చుని ఆకురాయితో చెవి గీస్తున్నాడు. ఇంకొకడు ఆవిడను మాటల్లో పెట్టాడు. కాసేపటికి మొదటివాడు, "అమ్మా, లోపల తుప్పు పట్టింది. కాస్త కొబ్బరినూనె వేడిచేసి ఇప్పిస్తారా?" అన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి వెచ్చచేసి గిన్నెతో తెచ్చి ఇచ్చింది. నూనె పోశాడు, మూశాడు, చెవి చేతిలో పెట్టాడు. "నూనె లోపలికి దిగాలమ్మా. సాయంత్రందాకా తిప్పకండి, తిప్పితే చెవి విరిగిపోతుంది. డబ్బులు ఇప్పుడు వద్దు, పని బాగుందనుకుంటేనే సాయంత్రం వచ్చి తీసుకుంటాం" అన్నాడు. డబ్బు తీసుకోకుండా వెళ్ళిన పనివాడిని ఎవరు శంకిస్తారు? ఆ మాటకు అక్కయ్య వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపింది.

సాయంత్రం వాళ్ళు రాలేదు. చెవి తిరగలేదు. మర్నాడు తెలిసిన వడ్రంగిని పిలిచి అర విప్పిస్తే నల్లపూసల గొలుసు, నాలుగు గాజులు, బావగారి ఉంగరం లేవు. ఇచ్చిన చెవి ఆ తాళానిది కానే కాదు.

ఇది కొత్త విద్య ఏమీ కాదు. దేశంలోని అనేక పట్టణాలలో ఇదే తీరున జరిగినట్లు పత్రికలలో చదువుతూనే ఉన్నాం. దాని అంగాలు మూడు. ఏదో ఒకటి తెమ్మని ఇంటివారిని గదిలోనుంచి పంపడం ఒకటి. నూనో వేడినీళ్ళో, ఏదైతేనేం! ఫలానా సమయం వరకు తెరవవద్దని శాసించడం రెండవది. ఆ గడువులో వాళ్ళు ఊరు దాటుతారు. డబ్బు విషయంలో ఔదార్యం చూపడం మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా జాగ్రత్తపడవలసిందే.

నేను వెళ్ళేసరికి అక్కయ్య ఏడుస్తున్నది. "నూనె గిన్నె నేనే తెచ్చి ఇచ్చానురా తమ్ముడూ" అని అదే మాట పదిసార్లు అన్నది. ఆ మాట విన్నప్పుడు నాకు శూద్రకుని మృచ్ఛకటికం జ్ఞాపకం వచ్చింది. మూడవ అంకంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేస్తాడు. వాడు చదువుకున్న బ్రాహ్మణుడు. కొలతాడు మరచిపోయి వచ్చి జంధ్యంతో కొలుస్తాడు. గోడను తొలచడంలో వాడి శాస్త్రజ్ఞానం ఎంత గొప్పదంటే, తెల్లవారి చారుదత్తుడే ఆ పనితనాన్ని మెచ్చుకుంటాడు. కాని వసంతసేన దాచుకున్న నగల పెట్టెను శర్విలకుడు వెతికి తీయలేదు. నిద్రలో కలవరిస్తున్న మైత్రేయుడు, ఎదుట ఉన్నది తన మిత్రుడే అనుకుని, పుచ్చుకోమని ఒట్టుపెట్టి మరీ వాడి చేతికి ఇస్తాడు. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమనే మన సామెతకు అంతకు మించిన దృశ్యం ఏ నాటకంలో ఉన్నది?

"నువ్వు ఇచ్చింది నూనె గిన్నె మాత్రమే. మైత్రేయుడు నగల పెట్టెనే ఇచ్చాడు. అతన్ని రెండువేల ఏళ్ళుగా ఎవరూ దుర్మార్గుడనలేదు కదా" అని ఆవిడను ఓదార్చబోయాను. పండితుల ఓదార్పు ఎంతవరకు పనిచేస్తుందో మీకు తెలుసు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. పోలీసులకు చెబుదామంటే అక్కయ్య ఒప్పుకోలేదు. "అబ్బాయికి తెలిస్తే అమ్మకు మతి తప్పుతోంది అనుకుంటాడు. ఇల్లు అమ్మేసి పూనా వచ్చెయ్యమంటాడు. ఈ ఇంట్లోనే పోవాలని ఉందిరా నాకు" అన్నది. అప్పుడు నాకు అర్థమయింది. దొంగలు పట్టుకుపోయింది బంగారం మాత్రమే కాదు. ఒంటరిగా బతకగలనన్న ఆవిడ ధీమాను కూడా పట్టుకుపోయారు. మిగిలిన ఆ ఒక్క ఇంటినైనా నిలుపుకోవాలని ఆవిడ మౌనాన్ని ఆశ్రయించింది. చారుదత్తుడు చేసిందీ అదే. పేదవాడు నగలు పోయాయంటే ఎవరు నమ్ముతారని భయపడి, జూదంలో పోగొట్టుకున్నానని వసంతసేనకు అబద్ధం చెప్పి పంపాడు. మోసపోయినవాడు సిగ్గుపడడం, మోసగించినవాడు నిశ్చింతగా ఉండడం ఆనాటినుంచీ వస్తున్న ఆచారమే కాబోలు!

తొమ్మిది రోజులు పట్టింది ఆవిడను ఒప్పించడానికి. స్టేషనులో ఎస్సైగారు ఓపికగా విన్నారు. అంతా వ్రాసుకున్న తరువాత, "అదే వారంలో ఈ చుట్టుపక్కల ఇంకో రెండు ఇళ్ళలో ఇలాగే జరిగిందని వినికిడి మేష్టారూ. ఒక్కరూ వచ్చి చెప్పలేదు" అన్నారు. ఆ మొదటి ఇల్లు నోరు విప్పి ఉంటే మా అక్కయ్య గుమ్మం ముందు ఆ గుత్తి గలగలలాడేది కాదేమో. బంగారం ఇప్పటికీ దొరకలేదు. ఇల్లు అమ్మేద్దామన్న మాట అబ్బాయి అననే అన్నాడు. అక్కయ్య మాత్రం కదలలేదు.

ఇది వీధిలో వచ్చే మోసం. ఫోనులో వచ్చే మోసం ఇంకొకటి ఉంది.

2023లో మా అపార్టుమెంటులో కింది వాటా దంపతులు చెత్తబుట్ట బయట పెట్టడానికి గడప దాటారు. గాలికి తలుపు పడింది. లాగగానే తనంతట పడే లాచ్ తాళం. చెవి లోపల, ఫోను చేతిలో, పొయ్యిమీద పాలు! కంగారులో ఫోనులో వెతికితే మా పేట పేరుతోనే ఒక తాళాల సర్వీసు కనబడింది. రెండువందల తొంభైతొమ్మిది రూపాయలన్నారు. వచ్చినవాళ్ళు ఇద్దరు కుర్రవాళ్ళు. తాళాన్ని సరిగా చూడనైనా లేదు. "ఇది హై సెక్యూరిటీ తాళం సార్, డ్రిల్లు వేయాల్సిందే" అన్నారు. వేశారు. తలుపు తెరిచి, కొత్త సిలిండరు బిగించి, ఏడువేల నాలుగువందలు అడిగారు. గొంతులు లేచాయి. చివరకు అయిదువేలకు తెగింది. రసీదు లేదు. తరువాత ఆ నంబరుకు ఫోను చేస్తే పలికినవారికి మా ఊరు ఎక్కడ ఉందో కూడా తెలియదు.

ఇందులోని కిటుకు తెలియాలంటే తాళం లోపలి సంగతి కొంత తెలియాలి. మన తలుపులకు ఉండే సిలిండరు తాళం అమెరికాకు చెందిన లైనస్ యేల్ 1861లో పేటెంటు పొందిన పద్ధతికి సంతానం. దాని మూలపురుషుడు ప్రాచీన ఈజిప్టువారి కొయ్యతాళం. లోపల చిన్న చిన్న ఇత్తడి పుల్లలు జంటలు జంటలుగా, ఎత్తు తేడాలతో వరుసగా ఉంటాయి. సరియైన చెవి దూర్చినప్పుడు దాని పళ్ళు ఆ పుల్లలను లేపి, జంటల అతుకులన్నీ ఒకే గీతమీదికి తెస్తాయి. అప్పుడే సిలిండరు తిరుగుతుంది. ఒక్క పుల్ల గీత తప్పినా కదలదు. ఛందస్సు తెలిసినవారికి ఇది వింతగా తోచదు. ఒక్క గణం తప్పితే పద్యం నడవదు గదా!

పని తెలిసినవాడు ఈ పుల్లలను సన్నని పనిముట్లతో ఒక్కొక్కటిగా లేపి, తాళం చెడకుండానే తీయగలడు. ఊరికే పడిన లాచ్ అయితే చాలాసార్లు ఇంకా సులభం. డ్రిల్లు అనేది అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు పట్టవలసిన దారి. అది మొదటి మాటగా వచ్చిందంటే, ఆ మనిషికి పని రాకపోవాలి, లేదా కొత్త తాళం అమ్మాలన్న ఆలోచన ఉండాలి. మా కింది వాటావారికి జరిగిందిదే.

ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన తెగులు కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు కూడా ఈ చీడ బాగా పరిచయం. తక్కువ ధర చెప్పి, వచ్చాక డ్రిల్లు వేసి, పది రెట్లు అడిగే వారిని గురించి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరికలు ఇచ్చింది. టెక్సస్‌లోని ఒక వ్యాపారి ఫిర్యాదుతో తీగ లాగితే, గూగుల్ మ్యాపులో పదివేలకు పైగా నకిలీ వ్యాపార చిరునామాలు బయటపడ్డాయి. 2025 మార్చిలో ఆ సంస్థే న్యాయస్థానానికి వెళ్ళింది. మ్యాపుమీద పేరు కనబడినంత మాత్రాన అక్కడ దుకాణం ఉన్నట్లు కాదు. దుకాణం ఉన్నదీ లేనిదీ కాళ్ళతో నడిచి వెళ్ళి చూడవలసిందే.

పోనీ, ఎవరికీ లొంగని తాళం కొనుక్కుంటే సరిపోదా అంటారా? లండనులో జోసెఫ్ బ్రామా అనే ఆయన దుకాణం కిటికీలో 1790 ప్రాంతంలో ఒక తాళం పెట్టి, దీన్ని తీసినవారికి రెండువందల గినీలు ఇస్తామని పందెం కట్టారు. అరవై ఏళ్ళకు పైగా అది లొంగలేదు. 1851లో అక్కడ జరిగిన మహాప్రదర్శనకు వచ్చిన హాబ్స్ అనే అమెరికా పనివాడు, పదహారు రోజులలో మొత్తం యాభైయొక్క గంటలు కష్టపడి దాన్ని తీశాడు. తాళాల లోపాలను ఇలా బయటపెడితే దొంగలకు పాఠం చెప్పినట్లు కాదా అని అప్పట్లో పెద్ద చర్చ నడిచింది. దొంగలకు ఆ లోపాలు ముందే తెలుసు, తెలియనిది గృహస్థులకే అన్నది హాబ్స్ పక్షం. ఇవన్నీ నేను ఇక్కడ ఏకరువు పెట్టడానికి కూడా అదే కారణం.

మనిషి చేసిన తాళాన్ని మనిషి తీయగలడు. తాళం తీసే పనివాడికీ, కన్నం వేసే దొంగకూ విద్య ఒక్కటే. వేళ్ళు ఒక్కటే, పనిముట్లు ఒక్కటే. మన దేశంలో ఈ వృత్తికి డ్రైవింగు లైసెన్సు వంటి పత్రం కూడా లేదు. మరి ఇద్దరినీ వేరుచేసి చూడడం ఎలా?

దీనికి సమాధానం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఒక పనివాడి నోట దొరికింది.

నేను ఉద్యోగంలో ఉండగా 1994లో మా పాఠశాలలో ప్రశ్నపత్రాలు భద్రపరిచే బీరువా చెవి పోయింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. హెడ్మాస్టరుగారు నన్ను బజారుకు పంపారు. మార్కెట్టు సందు మొదట్లో రావిచెట్టు కింద గొడుగు వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన ఉండేవాడు. పన్నెండేళ్ళ పరిచయం. ఆయన పిల్లలిద్దరూ నా దగ్గర చదువుకున్నవారే. సంగతి చెప్పి రమ్మన్నాను. ఆయన లేవలేదు.

"హెడ్మాస్టరుగారి చేత కాగితం వ్రాయించి, ముద్ర వేయించి తీసుకురండి మేష్టారూ" అన్నాడు.

"నేనెవరో నీకు తెలియదా?" అన్నాను.

"మీరెవరో నాకు తెలుసు. బీరువా ఎవరిదో కాగితం చెప్పాలి."

ఎండలో మళ్ళీ పాఠశాలకు నడిచి వెళ్ళి కాగితం తెచ్చాను. ఆయన దానిని చదివించుకుని, మడిచి, తన రేకుపెట్టెలో దాచుకుని అప్పుడు లేచాడు. హెడ్మాస్టరుగారి ఎదుటనే బీరువా తీశాడు. పనిచేస్తున్నంతసేపూ మా ఇద్దరిలో ఒక్కరు కదిలినా చేయి ఆపేవాడు. చెవి చేసి, రెండుసార్లు మా చేతనే తిప్పించి చూపించి, ముందు చెప్పిన ఇరవై రూపాయలే తీసుకున్నాడు.

ఆనాడు కొంచెం నొచ్చుకున్న మాట నిజమే. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నొప్పే ఆయన ఇచ్చిన హామీపత్రం అనిపిస్తుంది. నన్ను శంకించినవాడు, రేపు నా పేరు చెప్పి వచ్చిన ఇంకొకడిని కూడా శంకిస్తాడు. ఏమీ అడగకుండా నా తలుపు తీసినవాడు, ఏమీ అడగకుండానే ఎవరి తలుపైనా, ఎవరికోసమైనా తీస్తాడు. మనల్ని ప్రశ్నించేవాడినే మనం నమ్మాలి. దొంగకు లేనిదీ, పనివాడికి ఉన్నదీ ఆ ఒక్క ప్రశ్నే.

అక్కయ్య ఇంటికి వచ్చినవాళ్ళు ఆ బీరువా ఎవరిదని అడగలేదు. డ్రిల్లుతో వచ్చిన కుర్రవాళ్ళు ఆ వాటాలో ఉండేది మీరేనా అని అడగలేదు. నేను గమనించిన మొదటి గుర్తు ఇది. మిగిలినవి దాని పరివారం.

ధర సంగతి ఫోనులోనే తేల్చుకోవాలి. వచ్చినందుకు ఎంత, తీసినందుకు ఎంత, తాళం మార్చవలసివస్తే ఎంత, అన్నీ కలిపి ఎంత అని అడిగి, సందేశంగా పంపమనాలి. "వచ్చి చూస్తేగాని చెప్పలేం" అన్నవాడు కనీసం ఇంతకు మించదు అనైనా చెప్పాలి. ముందుగా డబ్బు పంపమన్నా, ఏదో లింకు నొక్కమన్నా, ఫోనులో ఏదో యాప్ ఎక్కించుకోమన్నా అక్కడితో మాట చాలించాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. చేసిన పనికి అన్యాయంగా వసూలు చేస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది.

పని జరిగేటప్పుడు ఇంటివారొకరు అక్కడే ఉండాలి. ఏదైనా తెమ్మంటే రెండోవారు తేవాలి. రెండోవారు లేకపోతే పొరుగువారిని పిలవాలి. వారూ లేకపోతే పని రేపటికి వాయిదా వేయాలి. బీరువా విప్పించినప్పుడు పనివాడు గడప దాటకముందే లోపలి వస్తువులు చూసుకోవాలి, చెవి మన చేత్తో తిప్పి చూసుకోవాలి. అలా చూసుకుంటే మంచివాడు బాధపడడు. పోయిన చెవి ఎవరికైనా దొరికిందేమో అన్న శంక ఉంటే మారుచెవితో సరిపెట్టకుండా సిలిండరే మార్పించాలి. కొత్త తాళం పెట్టె మన ఎదుటే విప్పించి, లోపల చెవులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి.

లోపల పసిపిల్లో, రోగో చిక్కుకున్నా, గ్యాసు వాసన వస్తున్నా తాళాలవాడికోసం వెతుకుతూ కూర్చోవద్దు. అగ్నిమాపక దళానికి 101, అత్యవసరానికి 112. ఆ సమయంలో తలుపు పోతే పోనివ్వండి.

ఒక్క మాట మాత్రం మరచిపోరాదు. ఇవన్నీ చదివి, చెవుల గుత్తితో వీధిలో నడిచే ప్రతివాడినీ దొంగగా చూడడం అన్యాయం. ఈ మోసాలవల్ల గృహస్థుల తరువాత ఎక్కువగా నష్టపోయింది ఆ పనివాళ్ళే. రావిచెట్టు కింది పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చిన్నకొడుకు ఇప్పుడు అదే సందులో ఒక చిన్న దుకాణం నడుపుతున్నాడు. "ఫోనులో రెండువందల తొంభైతొమ్మిదికే వస్తామంటున్నారని మమ్మల్ని బేరమాడుతున్నారు మేష్టారూ. ఆ ధరకు మేము రాలేం, వచ్చాక పెంచలేం" అని మొన్న వాపోయాడు. తండ్రి కాగితాలు దాచుకున్న రేకుపెట్టె ఆ దుకాణంలో ఇంకా ఉంది. అతను కూడా ఆధార్ కార్డు చూడనిదే, పక్కింటివారినో వాచ్‌మనునో అడగనిదే తలుపు ముట్టుకోడు.

కాబట్టి మిత్రులారా, తాళాలన్నీ సక్రమంగా ఉన్న ఒక రోజున, తీరిక చూసుకుని మీ బజారులోని తాళాల దుకాణానికి వెళ్ళండి. ఒక మారుచెవి చేయించి నమ్మకమైన చుట్టాల ఇంట్లో ఉంచండి. ఆ చెవి తయారవుతున్నంతసేపూ అతనితో మాట కలిపి, "రాత్రివేళ మా తలుపు పడిపోయిందని ఫోను చేస్తే వస్తావా?" అని అడిగి చూడండి. "వస్తాను" అని ఊరుకుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. "వస్తాను గాని, ఆ ఇల్లు మీదేనని నాకెలా తెలుస్తుంది?" అంటే మాత్రం ఆ నంబరు వ్రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ ఫోనులో కూడా ఎక్కించండి. దానితోపాటు, ఎప్పుడైనా మోసపోతే ముందుగా మీకే చెప్పమనీ, చెబితే ఎవరూ కోప్పడరనీ, ఎవరూ ఇల్లు అమ్మమనరనీ వాళ్ళకు మాట ఇవ్వండి.